రీగా నుంచి మాస్కో దాకా: అమెరికా దౌత్య పత్రాల వెబ్‌సైట్ ఎంతవరకు పనికొస్తుంది?

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య సోవియట్ యూనియన్ గురించి అమెరికా దౌత్యవేత్తలు ఏం తెలుసుకున్నారు, ఎలా తెలుసుకున్నారు అన్నది మూలపత్రాల్లోనే చదవాలంటే అమెరికా విదేశాంగ శాఖ చరిత్ర విభాగం నడిపే వెబ్‌సైట్‌తోనే మొదలుపెట్టాలి. 1861 నుంచి అచ్చవుతున్న ‘ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ సంపుటాలు, పరిశోధకుల వాడుకలో ‘ఫ్రస్’, ఇక్కడ పూర్తి పాఠంతో ఉన్నాయి. ఖాతా అక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. అదే కాలానికి బ్రిటిష్ విదేశాంగ శాఖ ఫైళ్లు చూడాలంటే చాలావాటికి లండన్ దగ్గర క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు. అయితే ఫ్రస్ అన్నది మొత్తం ఫైళ్ల గది కాదు. సంపాదకులు ఏరి కూర్చిన భాగం. ఈ సంగతి మరిచిపోయి చదివేవాళ్లు బోలెడన్ని తప్పుడు నిర్ధారణలకు వస్తున్నారు.

ముందు ఏ సంపుటం తెరవాలో తేల్చుకోవాలి. 1918, 1919 సంవత్సరాలకు రష్యా పేరుతోనే విడి సంపుటాలున్నాయి. ఆ తర్వాత 1933 వరకు సోవియట్ పత్రాలు ఏటేటి సంపుటాల్లో, రష్యా అధ్యాయం కింద ఉంటాయి. 1921 రష్యా కరువు సాయం మీద ఆగస్టు 20న లాత్వియా రాజధాని రీగాలో కుదిరిన ఒప్పందం అలాంటి చోటే దొరుకుతుంది. 1933 నవంబరు 16న అమెరికా సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించాక కథ మారింది. ఆ భాగానికి 1952లో అచ్చయిన ‘సోవియట్ యూనియన్, 1933–1939’ అనే ప్రత్యేక సంపుటమే ఆధారం. కొత్తవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం మంచిది. 1939 యుద్ధం ముంగిటి పత్రాలకు మాత్రం ఆ ఏడాది మొదటి సంపుటం కూడా పక్కన పెట్టుకోవాలి.

ఈ వెబ్‌సైట్‌లో అసలు విలువ పత్రం తలభాగంలో ఉంది. చాలామంది దాన్ని దాటేసి నేరుగా విషయంలోకి వెళ్లిపోతారు. ఎడమవైపు పైన కనిపించే అంకె 1910 నుంచి విదేశాంగ శాఖ వాడిన దశాంశ ఫైల్ సంఖ్య. 861.00 తీసుకోండి. 8 అంటే ఒక దేశపు అంతర్గత వ్యవహారాలు, 61 అంటే రష్యా, .00 అంటే రాజకీయాలు. ఏటవాలు గీటు (/) తర్వాత వచ్చేది ఆ ఫైల్లో ఆ కాగితం వరుస సంఖ్య. 861.20 సైన్యం, 861.48 విపత్తులూ సహాయమూ, 861.77 రైల్వేలు. 711.61 అయితే అమెరికా–రష్యా సంబంధాలు, 760సి.61 అయితే పోలండ్–రష్యా సంబంధాలు. ఈ పద్ధతి ఒకసారి వంటబడితే ఏ సమాచారాన్ని వాషింగ్టన్ ఏ అరలో పెట్టుకుందో, అంటే ఏ కోణంలో చూసిందో, ఆ అంకె ఒక్కటే చెప్పేస్తుంది.

తర్వాత చూడాల్సినవి తేదీలు. పంపిన తేదీ కింద బ్రాకెట్లలో వాషింగ్టన్‌కు అందిన తేదీ ఉంటుంది. టెలిగ్రామ్ అయితే గంటల తేడా. దౌత్య టపా సంచిలో వెళ్లిన నివేదిక అయితే వారాల తేడా. ఫలానా రోజున వాషింగ్టన్‌కు ఈ విషయం తెలుసా అన్న ప్రశ్నకు రెండో తేదీయే జవాబు. టెలిగ్రామ్‌పై ఉండే సమయాలు ఎక్కడివక్కడి గడియారానివి. మాస్కో ఏడెనిమిది గంటలు ముందుంటుంది కాబట్టి లెక్క సరిచూసుకోకపోతే క్రమం తలకిందులవుతుంది.

రీగా పత్రాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1922లో అమెరికా బాల్టిక్ దేశాలను గుర్తించింది. మాస్కోలో రాయబార కార్యాలయం లేని ఆ పదకొండేళ్లూ రీగాలోని లెగేషన్లో (రాయబార కార్యాలయం కన్నా ఒక మెట్టు కింది దౌత్య కార్యాలయం) ఉన్న రష్యన్ విభాగమే అమెరికాకు కిటికీ. వాళ్ల పని చాలావరకు చదువు పనే. ప్రావ్దా, ఇజ్వెస్తియా వంటి సోవియట్ దినపత్రికలు, ఆర్థిక పత్రికలు, ప్రభుత్వ శాసనాలు తెప్పించుకోవడం, అనువదించడం, గణాంకాలను పాత గణాంకాలతో పోల్చడం, సరిహద్దు దాటి వచ్చినవాళ్లను ప్రశ్నించడం. వాషింగ్టన్‌లో తూర్పు యూరప్ విభాగాధిపతి రాబర్ట్ కెల్లీ ఈ పనికోసమే యువ అధికారులకు రష్యన్ నేర్పించాడు. జార్జ్ కెన్నన్ బెర్లిన్‌లో, చార్లెస్ బోలెన్ పారిస్‌లో చదివింది ఆ ఏర్పాటు కిందే. ఈ శ్రద్ధ నివేదికల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక శాసనంలో మారిన ఒక్క పదాన్ని పట్టుకుని దాని పర్యవసానం దాకా వెళ్తారు.

బలహీనత కూడా అక్కడే ఉంది. రీగా నిండా ప్రవాస రష్యన్లు, నకిలీ పత్రాల వ్యాపారులు. 1924 అక్టోబరులో బ్రిటన్ ఎన్నికల్ని కుదిపేసిన జినోవియెవ్ లేఖ (బ్రిటిష్ కమ్యూనిస్టులకు మాస్కో రాసినట్టు చూపిన, నకిలీగా భావించే ఉత్తరం) బ్రిటిష్ గూఢచార సంస్థకు చేరింది రీగా కేంద్రం ద్వారానే. కాబట్టి రీగా నివేదిక చదివేటప్పుడు ప్రతి వాక్యానికీ ఆధారం అచ్చయిన పత్రికా, మనిషి నోటి మాటా, చేతులు మారి వచ్చిన కాగితమా అని విడదీసుకోవాలి. మొదటి రకం చాలావరకు నిలబడుతుంది. మూడో రకాన్ని ఇంకో ఆధారం లేకుండా వాడుకోకూడదు.

మాస్కో కార్యాలయం తెరిచాక దగ్గర నుంచి చూసే వీలు కలిగింది, కానీ చూపులు ఒక్కటి కాలేదు. స్టాలిన్ తన ప్రత్యర్థులపై మాస్కోలో నడిపిన విచారణల్లో మొదటిదైన 1936 ఆగస్టు విచారణపై తాత్కాలిక బాధ్యతల్లో ఉన్న లాయ్ హెండర్సన్ పంపిన నివేదికలు చదవండి, వెంటనే 1937 ఫిబ్రవరి 17న రాయబారి జోసెఫ్ డేవిస్ పంపింది చదవండి. నిందితుల ఒప్పుకోళ్లను హెండర్సన్ నమ్మలేదు. డేవిస్ మాత్రం 1937 జనవరిలో జరిగిన తర్వాతి విచారణలో విస్తృతమైన కుట్ర రుజువైందనే తేల్చాడు. అంతకుముందు రాయబారి బులిట్ 1936లో ఇంకో దారి తొక్కాడు. 1850ల తొలి ఏళ్లలో రష్యాలో అమెరికా ప్రతినిధిగా ఉన్న నీల్ బ్రౌన్ నివేదికల్ని తవ్వి తీసి, ఆ మాటలే నేటికీ సరిపోతాయంటూ పంపాడు. ముగ్గురూ ఒకే సంపుటంలో దొరకడం ఈ సైట్ చేసే పెద్ద మేలు.

దగ్గరగా చూడదగ్గ పత్రం 1939 ఆగస్టు 24 నాటి టెలిగ్రామ్. రాయబారి స్టైన్‌హార్ట్ పేరుతో వెళ్లింది. జర్మనీ, సోవియట్ యూనియన్ల అనాక్రమణ ఒప్పందం మీద ముందు రాత్రి సంతకాలయ్యాయి. మర్నాడే ఎస్తోనియా, లాత్వియా, తూర్పు పోలండ్, బెస్సరేబియా సోవియట్ ప్రయోజనాల పరిధిలోకి వెళ్లాయని అందులో ఉంది. ఆ ఒప్పందానికి జత చేసిన రహస్య అనుబంధం సారమే అది. చెప్పిందెవరో టెలిగ్రామ్‌లో ఉండదు. జర్మన్ రాయబార కార్యాలయంలోని హాన్స్ ఫాన్ హెర్వార్ట్ బోలెన్‌కు చెప్పాడని చాలా కాలం తర్వాత గానీ బయటకు రాలేదు. ఇదొక్కటే చదివితే అదృష్టం కొద్దీ చిక్కిన వార్త అనిపిస్తుంది. అంతకుముందు మే నుంచి, మాస్కో కార్యాలయంలో తాత్కాలిక బాధ్యతల్లో ఉన్న గ్రమ్మన్ పంపిన టెలిగ్రామ్‌లతో కలిపి చదివితే నెలల తరబడి తెరిచి ఉంచిన దారి కనిపిస్తుంది.

ఇక జాగ్రత్తలు. 1920ల సంపుటాల్లో కొన్ని టెలిగ్రామ్‌లపై ‘పారాఫ్రేజ్’ అని ఉంటుంది. సంకేత లిపి భద్రత కోసం మాటలు మార్చి అచ్చేశారన్నమాట. వాటిని కొటేషన్ గుర్తుల్లో పెట్టి రాయబారి మాటలుగా వాడకూడదు. ‘ఎక్స్‌ట్రాక్ట్’ అని ఉంటే ముక్క మాత్రమే. ఫుట్‌నోట్లో ‘నాట్ ప్రింటెడ్’ అని కనిపిస్తే అసలు సరుకు బయటే ఉండిపోయిందని అర్థం. రీగా నివేదికలకు జత చేసిన పత్రికా అనువాదాలు ఎక్కువగా ఇలాగే పోయాయి. సైనిక ప్రతినిధి ఫిలిప్ ఫేమన్‌విల్ నివేదికల కోసమూ ఇక్కడ వెతకొద్దు. అవి యుద్ధ శాఖ దారిలో వెళ్లాయి.

వెతుకులాటలో స్పెల్లింగులే పెద్ద చిక్కు. సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్ పేరు చివర ‘వి’తోనూ, రెండు ‘ఎఫ్’లతోనూ ఉంటుంది. ఎస్తోనియా రాజధాని తాలిన్ పాత కాగితాల్లో రెవాల్, లిథువేనియాలోని కౌనస్ కోవ్నో. ప్రతి రూపాన్నీ విడిగా వెతకాలి, ఫలితాలను తేదీలతో కుదించుకోవాలి. బ్రాకెట్లలో ఇంటిపేరు మాత్రమే ఉన్న అధికారి ఎవరో తేలకపోతే అదే సైట్‌లో రాయబారుల జాబితా ఉంది. పేజీ సంఖ్య నొక్కితే అచ్చు పుస్తకం చిత్రం తెరుచుకుంటుంది. ఉల్లేఖించే ముందు ఒకసారి అక్కడ సరిచూడండి. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండేవాళ్లు సంపుటాన్ని ఇ-బుక్‌గా దించుకోవచ్చు.

అచ్చుకాని పత్రం కావాలంటే కాలేజ్ పార్క్‌లోని అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌ను అడగాలి. విదేశాంగ శాఖ ఫైళ్లు రికార్డ్ గ్రూప్ 59లో ఉంటాయి. 1910–29 నాటి 861 తరగతి ఎం316 అనే మైక్రోఫిల్మ్‌లో ఉంది కాబట్టి ముందు కేటలాగ్‌లో దాని స్కాన్ దొరుకుతుందేమో చూసుకోండి. ఉత్తరం రాస్తే దశాంశ సంఖ్య, 1910–29 లేదా 1930–39 అన్న కాలఖండం, పత్రం తేదీ, ఎవరు ఎవరికి రాశారన్నది, నాలుగూ ఇవ్వండి. కాలఖండం రాయకపోతే ఎక్కడ వెతకాలో సిబ్బందికి తెలియదు. గ్రూప్ 59లో లేదని జవాబొస్తే అక్కడితో వదిలేయకండి. రీగా లెగేషన్ తన దగ్గర ఉంచుకున్న ప్రతులు రికార్డ్ గ్రూప్ 84లో వేరుగా ఉంటాయి.