సీతాకోకచిలుక హోటల్: ఆరేళ్లు వాడిన లోగో గురించి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ పొద్దున ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలో ఎగిరిపోయిన వాటిలో మా టిఫిన్ హోటల్ బోర్డు కూడా ఉంది. ఇనప ఫ్రేము గోడకే వేలాడుతోంది, ఫ్లెక్స్ మాత్రం లేదు. వారం తర్వాత వెనక వీధిలో ఒకాయన దాన్ని పశువుల పాక మీద కప్పుకుంటే కనిపించింది. అడగలేదు. కరెంటు లేక, చెట్లు పడి, ఊరంతా అల్లాడుతుంటే బోర్డు సంగతి ఎవరికి కావాలి.

నిజానికి ఆ ఫ్లెక్స్ పోయింది కాబట్టే మాకు లోగో అనేది వచ్చింది. అంతకుముందు ఉన్నది లోగో కాదు. ఎర్రటి అక్షరాలు, ఒక మూల వెంకన్న, ఇంకో మూల ఇంటర్నెట్‌లోంచి దించిన మసాలా దోశ. అదే దోశ మా రోడ్డులోనే ఇంకో రెండు హోటళ్ల మీద కూడా ఉండేది. మా హోటల్ పేరు ఇక్కడ రాయను, రాస్తే ప్రకటన అయిపోతుంది. కొత్తగా హోటలో కర్రీ పాయింటో పెట్టేవాళ్లు లోగో కోసం డబ్బు పెట్టాలా వద్దా అని అడుగుతుంటారు. వాళ్ల కోసం మా అనుభవం చెబుతున్నాను.

గీసింది మా చెల్లెలి కూతురు. అప్పటికి విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. 2019 సంక్రాంతికి వచ్చి "పెద్దమ్మా, బోర్డు నేను చేసిస్తాను" అంది. ఎనిమిది వేలు ఇచ్చాం. మొదటి రెండు రోజులు కాగితమే ముట్టుకోలేదు. గల్లా పక్కన కూర్చుని గుమ్మం దాటి బయటికి వెళ్లేవన్నీ రాసుకుంది. పార్సిల్ కవరు, బిల్లు, చట్నీ పొట్లం, పెళ్లివాళ్ల ఆర్డరు డబ్బాలు. నాకేమో ఏ రంగు ఇష్టమని అడుగుతుందని ఆశ. అడగలేదు. ఆ అమ్మాయి చేసిన మంచి పనుల్లో అదొకటి.

బొమ్మ మా వంటింటి వెనకే దొరికింది. మేము ఇప్పటికీ ఇడ్లీ, ఉప్మా అడ్డాకు విస్తరిలోనే పెడతాం. కొండల మీద సవర ఆడవాళ్లు ఆకులు కోసి, పుల్లలతో కుట్టి సంతకి తెస్తారు. అడ్డ తీగ ఆకు చివర మధ్యలో లోపలికి చీలి, రెండు రెక్కల్లా ఉంటుంది. "అరిటాకు అందరూ పెడతారు, ఇది పెడదాం" అంది. ఆకు, కింద పేరు, అంతే. మా మావయ్యకి నచ్చలేదు. "ఇదేటమ్మా, తినే బొమ్మ ఒక్కటీ నేదు?" అన్నారు. మా ఆయన ఎటూ చెప్పలేదు.

బోర్డు ఎక్కించిన మొదటి రోజే స్కూలు పిల్లలు దాన్ని సీతాకోకచిలుక అన్నారు. తిత్లీ అన్నా హిందీలో సీతాకోకచిలుకే. "తుపాను బోర్డు పట్టుకుపోతే, తుపాను బొమ్మే పెట్టుకున్నార్రా వీళ్లు" అని ఊరంతా ఒకటే నవ్వు. నాకు ఏడుపొచ్చింది. గీసినమ్మాయికి ఫోన్ చేస్తే, "పెద్దమ్మా, జనం పేరు పెట్టారంటే గుర్తుపెట్టుకున్నట్టే, కదపొద్దు" అంది. కదపలేదు. ఇప్పుడు పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు కూడా ఆటో ఎక్కి సీతాకోకచిలుక హోటల్ అంటే చాలు. ఆకు అని మాత్రం ఈ ఆరేళ్లలో పది మంది కూడా అనలేదు. అయినా బొమ్మకి పదికి తొమ్మిది వేస్తాను.

అక్షరాల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మా సరిహద్దు ఊళ్లలో అసలు తలనొప్పి అదే. బోర్డు మీద ఒడియా ఉండాల్సిందే, తెలుగు లేకపోతే మావాళ్లు ఊరుకోరు, బ్యాంకుకీ ఫోన్లకీ ఇంగ్లిష్ కావాలి. మూడు లిపులు మూడు రకాల ఫాంట్లలో పెడితే మూడు దుకాణాల బోర్డులు ఒకచోట అతికించినట్టుంటుంది. ఆ అమ్మాయి బాలూ అనే ఫాంట్ల కుటుంబం తీసుకుంది. ముంబై ఎక్ టైప్ వాళ్లు చేసినది, వ్యాపారానికి కూడా ఉచితం. అందులో తెలుగుది పేరు బాలూ తమ్ముడు, ఒడియాది బాలూ భాయినా. భాయినా అంటే ఒడియాలో అన్నయ్య. ఈ మాట చెప్పాక మావయ్య మొదటిసారి నవ్వారు.

అన్నదమ్ములైనా కొలతలు వేరు. ఒడియా అక్షరం పైన గొడుగులా గుండ్రం ఉంటుంది, ఎత్తులో చాలా భాగం అదే తినేస్తుంది. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ తేడా ఆ గొడుగు కిందున్న చిన్న భాగంలోనే. అందుకే చిన్న సైజులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తెలుగుకి ఒత్తులు కిందికి దిగుతాయి. తెలుగు పైన, ఒడియా కింద పెట్టి చూస్తే మన ఒత్తులు వాళ్ల గొడుగుల మీద కూర్చున్నాయి. అందుకని ఒడియాని పైకి తీసుకెళ్లి, ఒక సైజు పెంచి, తెలుగుని కింద పెట్టింది. ఒత్తుల గొడవ తప్ప ఇంకేమీ లేదు అందులో. కానీ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లిన సంగతిని ఇంకా ఇడ్లీతో పాటు నంజుకునే పెద్దలున్నారు మాకు. "ఒడియా పైనెందుకమ్మా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. గొడుగు, ఒత్తులు అని చెబితే ఎవరూ నమ్మలేదు.

పేరు కింద "ఉపాహారశాల" అని రాయమని ఒక మాస్టారి సలహా. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ మాట రాస్తే బావుండదని "టిఫిన్లు" అనే రాయించాం.

రంగులకి మాత్రం నాలుగు మార్కులే. ముదురాకుపచ్చ, పసుపు. కంప్యూటర్లో చూస్తే కళ్లు జిగేల్‌మన్నాయి. తెర మీద వెలుగుతో చేసే ఆకుపచ్చ వేరు, నాలుగు సిరాలతో అచ్చయ్యే ఆకుపచ్చ వేరు. కవర్లు వచ్చేసరికి అది నీరుకావి పట్టినట్టుంది. అసలు దెబ్బ బోర్డుకి. ఎండకి ముందు పోయేవి పసుపు, గులాబీ సిరాలు. నీలం, నలుపు నిలబడతాయి. ఆకుపచ్చలో ఉన్నది నీలం, పసుపు కాబట్టి పసుపు పోయాక రెండో వేసవికి మా ఆకు నీలంగా మారింది. మూడో ఏడాది ఫ్లెక్స్ తీసేసి, రేకు మీద ఎనామిల్ రంగుతో చేతిరాత బోర్డు వేయించాం. డిజైన్ కంటే రెట్టింపు ఖర్చయింది. 2021లో వేసిన ఆ బోర్డు ఇంకా అలాగే ఉంది.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధించారు, సంచుల మీదా తనిఖీలు పెరిగాయి. గోధుమరంగు కాగితం సంచుల్లోకి మారాం. వాటి మీద పసుపు వేస్తే వేసినట్టే తెలియదు, సిరా పల్చన, కింది కాగితం రంగు పైకి వచ్చేస్తుంది. అప్పుడే ఒంటి రంగు లోగో గీయించుకున్నాం. అది మొదట్లోనే చేయించుకోవాల్సింది. ఎవరైనా లోగో గీసిస్తానంటే ముందు నలుపులో చూపించమనండి. నలుపులో బాగుంటే రంగులో పాడయ్యేది తక్కువ.

నలుపు అంటే బిల్లు మిషన్ గుర్తొస్తుంది. రెండంగుళాల కాగితం మీద అది వేసేది అడ్డంగా 384 చుక్కలు మాత్రమే. ఆకు ఈనెలన్నీ కలిసిపోయి నల్లటి ముద్ద అయింది. దానికి తోడు 2022 నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు తప్పనిసరి, చోటు ఇంకా తగ్గింది. రబ్బరు స్టాంపుదీ అదే కథ. పేరులో మొదటి అక్షరం శ్రీ, దాని కడుపులో ఖాళీ అంతా సిరాతో నిండిపోయేది. చివరికి పదకొండు ఈనెల్లో ఎనిమిది తీసేసి, మూడు ఉంచాం. ఇప్పుడు అన్నిచోట్లా అదే వాడుతున్నాం. మొదటిది ఫ్రేము కట్టి మావయ్య గదిలో పెట్టాం, ఇన్నేళ్లకి ఆయనకి నచ్చింది.

వాట్సాప్ బొమ్మకీ, మ్యాపుల్లో గుండ్రానికీ ఆకు చక్కగా సరిపోయింది. పేరు ఎక్కడా పట్టదు, ఆకు ఒక్కటే పెట్టాలి. మెనూ క్యూఆర్ కోడ్‌ని కూడా అందంగా ఉంటుందని తెల్ల కాగితం మీద పసుపు గళ్లతో వేయించాను. సగం ఫోన్లు చదవలేదు. ముదురు గళ్లు, లేత కాగితం, అంతే. ఆ తెలివి నాదే, పిల్లది వద్దంటూనే ఉంది.

ప్రింటు షాపు వాళ్లతో పడ్డ తిప్పలు చెప్పాలంటే ఇంకో పేజీ కావాలి. లోగో ఫోటో పంపితే "సీడీఆర్ ఉందా మేడం?" అంటారు, అంటే కోరెల్‌డ్రాలో చేసిన గీతల ఫైలు. ఫోటో పెద్దది చేస్తే అంచులు గళ్లుగళ్లుగా వస్తాయి, గీతల ఫైలైతే ఎంత పెంచినా పాడవదు. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలని కూడా తర్వాతే తెలిసింది. ఒక షాపులో మా ఫాంటు లేదు, వాళ్ల సాఫ్ట్‌వేర్ పాతది. "ఇడ్లీ" అని ఉండాల్సిన చోట ల ఒత్తు విడిపోయి "ఇడ్‌లీ" అని మూడు వేల కవర్ల మీద వచ్చింది. మళ్లీ వేయడానికి ఆయన ఒప్పుకోలేదు, ఫైలు మీరిచ్చిందే కదా అన్నాడు. అక్షరాలన్నీ ముందే కర్వ్స్ చేసి, అంటే గీతలుగా మార్చి ఇస్తే ఈ బాధ ఉండదు. ఆ మూడు వేలూ వాడేశాం. ఒకావిడ మాత్రం ఇడ్ అంటే ఏంటని అడిగింది.

ఇంకొక్కటి, డబ్బుకి సంబంధించింది. లోగో హక్కులు మాకు ఇస్తున్నట్టు కాగితం రాసుకున్నాం. ఇంట్లోవాళ్ల మధ్య కాగితమేంటని మావయ్య కసిరారు. అయినా రాసుకున్నాం, కానీ ఎంతకాలానికో రాయలేదు. కాపీరైట్ చట్టం ప్రకారం గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అనుకోవాలట. మాది 2024 జనవరికి ఐదేళ్లు నిండింది. ట్రేడ్‌మార్కుకి వేద్దామని వెళ్తే అక్కడ బయటపడింది. పిల్ల మళ్లీ రాసిచ్చింది, ఈసారి శాశ్వతంగా అని. హోటళ్లకి వర్తించేది 43వ క్లాసు, చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో ఫీజు 4,500. దరఖాస్తు వేశాక పేరు పక్కన టీఎం పెట్టుకోవచ్చు, గుండ్రంలో ఉండే ఆర్ మాత్రం రిజిస్టర్ అయ్యేదాకా పెట్టకూడదు.

బోర్డు రాసిన పెయింటర్ మాకో మేలు చేశాడు. ఖాళీ నూనె డబ్బా రేకు కోసి, ఆకు ఆకారంలో అచ్చు ఒకటి ఇచ్చి వెళ్లాడు. కవర్లు అచ్చువేయించడం మానేసి ఏడాదిన్నర అవుతోంది. ఉత్త కాగితం సంచులు కొంటాం, పొద్దున ఐదింటికి పొయ్యి రాజుకునేలోపు మా కుర్రాడు స్పాంజితో యాభై, అరవై అద్దేస్తాడు. ఆకు ఒక్కోదాని మీద ఒక్కో పక్కకి వాలి ఉంటుంది.