పేరు తేడాల కన్సల్టెన్సీ: సలహా బంగారం, బిల్లే భారం

మా తమ్ముడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒట్టి 'కె', పాస్‌పోర్ట్‌లోనేమో సర్‌నేమ్ గడి ఖాళీ, పేరంతా గివెన్ నేమ్‌లోనే కుక్కేశారు. అమీర్‌పేటలో ఇవన్నీ చూసే ఓ కన్సల్టెన్సీకి తీసుకెళ్లాను.

కౌంటర్‌లో ఉన్నావిడ కాగితాలన్నీ పక్కపక్కనే పరిచి, ఒక్కో పేరు కింద పెన్సిల్‌తో గీత గీస్తూ, "ఇలాగే వదిలేస్తే పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, వీసాలో పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదు) అని పడుతుంది బాబూ, అక్కడ డ్రైవింగ్ లైసెన్స్ దాకా అదే తలనొప్పి, ముందు పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడగొట్టించుకో" అని తేల్చేసింది. ఈ ఒక్క మాటకే నాలుగు స్టార్లు. టెన్షన్ సగం అక్కడే దిగిపోయింది.

ఒళ్లు మండింది బిల్లు దగ్గరే. మామూలు 36 పేజీల రీఇష్యూకి సర్కారు ఫీజు 1,500 రూపాయలు, వీళ్లు దేనికెంతో విడివిడిగా చెప్పకుండా గుండుగుత్తగా దానికి ఎన్నో రెట్లు చెప్పారు. పైగా యూనివర్సిటీ అడగని అపోస్టిల్ (సర్టిఫికెట్లు విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా అంటగట్టబోయారు. సలహా వరకు వెళ్లండి, అప్లికేషన్ మాత్రం పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో మీరే పెట్టుకోండి.