గ్లాస్ వైపర్: రబ్బరు తిప్పి పెట్టాక మళ్ళీ నచ్చింది

కిటికీ అద్దాల మీద చారలు పోవాలంటే ఏం కొనాలి అని ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే, స్ప్రే సంగతి తర్వాత చూద్దాం, ముందు మంచి రబ్బరున్న వైపర్ తీసుకోండి. స్ప్రేలు ఎన్ని మార్చినా మా అద్దాల్లో తేడా కనబడలేదు, వైపర్ వచ్చాకే కనబడింది. అది ఎంత వెడల్పు, హ్యాండిల్ ఎలా ఉంటుంది లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. నాకు చెప్పాలని ఉన్నదంతా దాని అంచున ఉండే ఆ పల్చటి రబ్బరు గురించే.

గుడ్డతో తుడిచేటప్పుడు మురికి తీసేస్తున్నాం అనుకుంటాం గానీ, సగం మురికిని తడిలో కలిపి అద్దమంతా పలచగా పూస్తుంటాం. తర్వాత నీళ్ళు ఆరిపోతాయి, అందులో ఉన్న సబ్బు, బోరు నీళ్ళైతే కాల్షియం మెగ్నీషియం లవణాలు, ఇవన్నీ ఎక్కడికీ పోవు, అద్దం మీదే ఉండిపోతాయి. ఆ మిగిలిందే చార. రబ్బరు అలా కాదు, ఆరేదాకా ఆగకుండా నీళ్ళు నీళ్ళుగా ఉండగానే లాగేసి కిందకి దింపేస్తుంది, ఇక ఆరడానికి అక్కడ ఏముంటుంది? పాత బనియన్ గుడ్డ, న్యూస్‌పేపర్, మైక్రోఫైబర్, అన్నీ చూశాను. న్యూస్‌పేపర్ అద్దం వరకు పర్లేదు కానీ తెల్ల ఫ్రేమ్ మీద ఇంకు అంటుకుంటే దాన్ని తుడవడం ఇంకో పని. మైక్రోఫైబర్ బానే ఉంటుంది, ఒక్కసారి పొరపాటున ఫాబ్రిక్ కండిషనర్‌తో ఉతికారా, ఆ కండిషనర్ పొర గుడ్డ నిండా పట్టేసి నీళ్ళు పీల్చదు, పైగా అద్దానికి జిడ్డు పూస్తుంది.

వైపర్‌తో మొదటిసారి హాల్లో పెద్ద అద్దం తుడిచాక ఏటవాలు ఎండలో నిలబడి చూస్తే ఒక్క గీత లేదు, నిజంగా ముచ్చటేసింది. వాడేది బకెట్ నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు, అంతే. నురగ కోసం ఎక్కువ పోస్తే అదే మళ్ళీ చారలవుతుంది. అద్దం తడిపాక పై అంచు వెంబడి ఒక సన్నటి పట్టీ పొడిగా తుడుచుకుని బ్లేడు అక్కడ ఆనించి లాగాలి, తడి మీద మొదలుపెడితే అక్కడే నీళ్ళు పోగై కిందకి కారతాయి. లాగిన ప్రతిసారీ రబ్బరుని గుడ్డకి తుడవాలి. ఎండ నేరుగా పడే టైములో ఈ పని పెట్టుకోకండి, మీరు రెండో లాగుడుకి వచ్చేలోపు మిగతా అద్దం ఆరిపోతుంది.

ఇదంతా బాగా నడుస్తుండగా ఒక గీత మొదలైంది. వెంట్రుకంత సన్నం, పై నుంచి కింద దాకా నిటారుగా, స్కేలు పెట్టి గీసినట్టు. గుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్ళీ వైపర్ లాగితే మళ్ళీ వస్తుంది. ముందు లిక్విడ్ మీద అనుమానమొచ్చింది, సగానికి తగ్గించాను, గీత అలాగే ఉంది. తర్వాత నీళ్ళ మీద, మా నీళ్ళు మామూలుగానే తెల్ల మచ్చలు పెట్టే రకం. సరే అని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి దాంతో తుడిచా, అందులో లవణాలే ఉండవు కదా, అయినా గీత వచ్చింది. వెనిగర్ కలిపి చూశా. ఇల్లంతా పులుపు వాసన, గీత మాత్రం దర్జాగా అక్కడే.

అమ్మ ఇదంతా కాసేపు చూసి, "ఒరేయ్, అసలు ఆ గీత లోపలుందా బయటుందా చూసుకున్నావా ముందు?" అంది. మంచి ప్రశ్నే. అప్పట్నుంచి లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా లాగుతున్నా, గీత ఎటు పడితే దాన్నిబట్టి ఏ వైపుదో దూరం నుంచే తెలిసిపోతుంది. అలా అడ్డం నిలువు మార్చి లాగుతున్నప్పుడే అసలు విషయం బయటపడింది. గీత అద్దం మీద ఒకే చోట రావట్లేదు, బ్లేడులో ఒకే చోట నుంచి వస్తోంది. ఎటు లాగినా బ్లేడు ఎడమ కొస నుంచి రెండు వేళ్ళ దూరంలో. వైపర్‌ని తిరగేసి పట్టుకుని లాగితే గీత కూడా కుడివైపుకి మారింది. ఇంక నీళ్ళకీ సబ్బుకీ సంబంధం లేదని తేలిపోయింది.

రబ్బరుని మామూలుగా చూస్తే ఏమీ కనబడదు. అంచుని వేలితో వెనక్కి వంచి వెలుతురుకి పెడితే అప్పుడు కనబడింది, ఆవగింజలో సగం కూడా లేని చిన్న గాటు. బ్లేడు అద్దం మీద నడుస్తుంటే ఆ గాటులోంచి నీళ్ళు సన్నగా జారి వెనక గీతలా మిగులుతున్నాయన్నమాట. ఎక్కడ తెగిందో వెతికితే కిటికీ ఫ్రేమ్ మూలలో గట్టిపడిన ఇసుక రేణువులున్నాయి, బ్లేడు ప్రతిసారీ ఆగేది అక్కడే.

పారేద్దామనుకుంటూ ఊరికే ఆ రబ్బరు కొసని పట్టుకుని లాగా. మొత్తం పట్టీ జారి బయటికి వచ్చేసింది! కాడలో గాడి ఉంది, రబ్బరు అందులో జారుడుగా కూర్చుంటుంది. దాన్ని తిప్పి చూస్తే, ఇన్నాళ్ళూ అద్దాన్ని తాకనే తాకని రెండో అంచు, కొత్తదానిలా పదునుగా ఉంది. తిప్పి లోపలికి తోశా, తడిపి లాగా, గీత మాయం. రబ్బరు తిప్పుకోవచ్చని దాని డబ్బా మీద ఎక్కడా రాయలేదు, రాస్తే కొత్తది కొనరనేమో.

ఒంటి రబ్బరుతో తేలిగ్గా ఉండే ఈ వైపర్ వెనక ఒక కథ ఉంది. 1936లో అమెరికాలో ఎటోరే స్టెకోన్ అని కిటికీలు తుడిచే పని చేసుకునే ఆయన ఇత్తడితో ఇలాంటిది చేసి పేటెంట్ తీసుకున్నాడు. పని చేసేవాడు తన కోసం చేసుకున్న వస్తువు కాబట్టే సూటిగా ఉంది అనిపిస్తుంది. ఇప్పుడు స్ప్రే బాటిలూ, స్పాంజీ, బ్లేడూ అన్నీ ఒకే హ్యాండిల్‌కి తగిలించి అమ్ముతున్నారు చూడండి, అలాంటిది చుట్టాలింట్లో వాడి చూశాను, రబ్బరు ప్లాస్టిక్‌కి అతికించేశారు, తియ్యడం కుదరదు, తిప్పడం కుదరదు. అంచుకి ఒక్క గాటు పడితే మొత్తం చెత్తబుట్టకే. కొనేముందు రబ్బరు కొసని గోటితో లాగి చూడండి, కదిలితేనే తీసుకోండి.

పైన స్ప్రే సంగతి తర్వాత అన్నా కదా, అది ముఖ్యంగా కిటికీల వరకే. బాత్రూం గ్లాసు మీద ఎప్పట్నుంచో గట్టిపడిన తెల్ల మచ్చలుంటే వైపర్ వాటి మీద నుంచి నున్నగా జారిపోతుంది తప్ప ఏమీ చెయ్యదు. వాటికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు అంటించి ఉంచాలి, మార్బుల్ గట్టు మీద మాత్రం చుక్క పడకుండా చూసుకోండి, పాలిష్ పోతుంది. ఆ మచ్చలు పోయాక, స్నానం అవ్వగానే ఒకసారి వైపర్ లాగేస్తుంటే మళ్ళీ అంతగా పట్టట్లేదు. టీవీ, మానిటర్ల దగ్గరికి ఇవేవీ తీసుకెళ్ళకండి, పొడి మెత్తటి గుడ్డ చాలు, అమ్మోనియా ఉన్న స్ప్రేలు పైపూతని పాడు చేస్తాయి.

ఇంకోటి, చారలే రావు అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. అద్దం నాలుగు అంచుల్లో, ముఖ్యంగా కింద, ఎంతోకొంత నీళ్ళు నిలుస్తాయి, చివర్లో పొడిగుడ్డ వేలికి చుట్టుకుని అంచులు తుడవాల్సిందే. కింద పాత గుడ్డ పరవకపోతే గోడంతా కారుతుంది. రబ్బరు కూడా శాశ్వతం కాదు, బాల్కనీలో ఎండలో వేలాడదీసి ఉంచితే గట్టిపడి కీచుమంటుంది, మాది ఇప్పుడు లోపల బీరువా పక్కన ఉంటోంది. రెండో అంచు కూడా కాస్త గుండ్రంగా అయిపోతోంది, నా సైజుకి విడి రబ్బరు ఇంకా దొరకలేదు, పెద్ద సైజు పట్టీ కొని కత్తిరించుకుందామని చూస్తున్నా.

మావి పెద్ద పలకల అద్దాలు, బయటివైపు బాల్కనీలోంచి చెయ్యి అందుతుంది, అందుకని నాకు ఇంత నచ్చి ఉండొచ్చు. చిన్న చిన్న గడుల కిటికీలైతే, లేదా బయట గ్రిల్లుండి చెయ్యి ఊచల మధ్య ఇరుక్కునే పరిస్థితైతే మీకు మైక్రోఫైబర్ గుడ్డే సుఖం. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు కూడా ముందు ఎవరిదైనా అడిగి ఒక అద్దం తుడిచి చూడండి, లాగేటప్పుడు ఒత్తిడంతా అక్కడే పడుతుంది.