మొదటి లాగర్: చల్లగా నిదానంగానా, వెచ్చగా తొందరగానా?

మన వరంగల్ వైపు పులియడం అంటే కల్లే గుర్తొస్తుంది. పొద్దున దింపిన ఈత కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఆ లెక్కతో, చల్లటి చోట నిదానంగా పులిసే లాగర్ బీరు మొదలుపెడితే మొదటి రెండు మూడు రోజులు టెన్షన్ తప్పదు.

తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడానికి 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఇక్కడ చేయమని చెప్పడం లేదు. సొంత వాడకానికి అనుమతి ఉన్న అమెరికాలో స్థిరపడ్డ మా హన్మకొండవాళ్లు అడుగుతుంటారు. డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను కదా, ఈస్ట్ సంగతి నన్నే అడగాలని వాళ్ల నమ్మకం.

మొన్న డాలస్ నుంచి మా బావమరిది వీడియో కాల్‌లో ఫోన్‌ను బీరు పులిసే డబ్బా మూత దగ్గర పెట్టి చూపించాడు. "బుడగ వస్తలేదు బావా, పాడైందా?" 11 డిగ్రీల్లో పెట్టి అప్పటికి రెండో రోజు. ఈస్ట్ ఎంత వేసినవంటే, 20 లీటర్లకు ఒక్కటే ప్యాకెట్ అన్నాడు. చలిలో ఈస్ట్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి 11.5 గ్రాములవి రెండు వేయాలి. అయినా 48 గంటలు, ఒక్కోసారి 72 గంటలు చప్పుడు లేకపోవడం మామూలే. మూత సందులోంచి గ్యాస్ పోతున్నా బుడగ కనిపించదు. నమ్మాల్సింది హైడ్రోమీటర్‌ను, అంటే నీటితో పోల్చి ద్రవం సాంద్రత చూపే పరికరాన్ని. 1.050 దగ్గర మొదలైన రీడింగ్ కిందికి దిగుతుంటే పని జరుగుతున్నట్టే.

ఇంత ఓపిక ఎందుకంటే, 10–12 డిగ్రీల్లో ఈస్ట్ పండ్ల వాసనలు తక్కువగా పుట్టిస్తుంది. లాగర్‌కు ఆ శుభ్రమైన రుచి అక్కడి నుంచే వస్తుంది. మధ్యలో కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా భయపడొద్దు, చాలావరకు అదే పోతుంది. వెన్న వాసన వస్తే మాత్రం తొందరపడి చల్లార్చొద్దు. ముప్పావు వంతు పులిశాక 16–18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది.

వెచ్చటి పద్ధతిలో అదే లాగర్ ఈస్ట్‌ను 18 డిగ్రీల దగ్గర పులియబెడతారు. 34/70 అనే రకం దీన్ని బాగానే తట్టుకుంటుంది. ఒక ప్యాకెట్‌తో నడుస్తుంది, తొందరగా మొదలవుతుంది, వారం పది రోజుల్లో దాదాపు అయిపోతుంది. రుచిలో తేడా చాలామంది పట్టలేరు. కానీ 18 అంటే గది కాదు, డబ్బాలోని బీరు. పులిసేటప్పుడు పుట్టే వేడికి బీరు గది కంటే రెండు మూడు డిగ్రీలు పైనే ఉంటుంది. మన మే నెల లాంటి ఎండల్లో, డాలస్ గ్యారేజీలో, ఏసీ లేకుండా ఇది అస్సలు కుదరదు. అలాంటి చోట ఏల్ (వెచ్చగా పులియబెట్టే బీరు) చేసినా ఘాటే మిగులుతుంది.

నా మాట అడిగితే, పాత ఫ్రిజ్, దానికి టెంపరేచర్ కంట్రోలర్ ఉన్నవాళ్లు మొదటిసారే చల్లటి పద్ధతికి పోవచ్చు. సెన్సార్‌ను డబ్బా గోడకు అంటించి పైన గుడ్డ కట్టాలి. కంట్రోలర్ లేని ఫ్రిజ్ 4 డిగ్రీలకు పోయి ఈస్ట్‌ను నిద్రపుచ్చుతుంది. కంట్రోలర్ లేనివాళ్లకు, 18 డిగ్రీలు నిలిపే గది ఉంటే, 34/70 మేలు. బావమరిదికి కంట్రోలర్ ఉంది, అందుకే ఇంకో ప్యాకెట్ వేసి ఆగమన్నాను.

ఏ పద్ధతైనా రీడింగ్ మూడు రోజులు కదలకుండా నిలిచేదాకా సీసాల్లో పోయొద్దు, ఇంకా పులుస్తుంటే గ్యాస్‌కు సీసాలు పగులుతాయి. ఆ తర్వాత 0–4 డిగ్రీల్లో నాలుగు వారాలు ఉంచాలి. ఆ పనికి మాత్రం మామూలు ఫ్రిజ్ చాలు.