డేటాబేస్ టెస్టులో ఎర్రర్: మెసేజ్ చూడాలా, కోడ్ చూడాలా?

భీమవరంలో మా దగ్గర కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్ ఇదే అడుగుతోంది: "తప్పు డేటా వేస్తే డేటాబేస్ ఒప్పుకోకూడదని టెస్ట్ రాస్తున్నాం కదండీ, వచ్చిన ఎర్రర్‌లో మెసేజ్ సరిచూడాలా, కోడా?" నేనైతే కోడే అంటాను. కోడ్ అంటే ఎర్రర్ ఏ రకమో చెప్పే ఐదక్షరాల గుర్తు, దాన్నే ఎస్‌క్యూఎల్‌స్టేట్ అంటారు.

రొయ్యల కొనుగోలు లెక్కలకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద ప్రోగ్రామ్ చేస్తున్నాం. పట్టుబడి రోజు చెరువు గట్టు మీద కాటా వేసి రాసిచ్చే స్లిప్పు నంబరు రెండుసార్లు ఎక్కకూడదు, ఎక్కితే ఒకే సరుక్కి రెండుసార్లు డబ్బు పడుతుంది. సీడ్ డేటాలో, అంటే టెస్టు కోసం ముందే నింపి ఉంచిన డేటాలో, ఉన్న నంబరుతోనే టెస్టు ఇంకో రో వేస్తుంది, ఏ ఎర్రర్ వచ్చినా పాస్. తర్వాత కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) కాలమ్‌ని తప్పనిసరి చేశాం, సీడ్ డేటా సరిచేశాం, టెస్టులోని ఇన్సర్ట్ మాత్రం మర్చిపోయాం. అప్పట్నుంచి వస్తున్నది 23502, అంటే కాలమ్ ఖాళీగా ఉందని. మాకు రావాల్సింది డూప్లికేట్‌కి వచ్చే 23505. ఈలోగా టేబుల్ నిర్మాణం మార్చే ఒక మైగ్రేషన్‌లో యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబరు రెండోసారి ఎక్కనివ్వని నియమం) ఎగిరిపోయినా టెస్టు పాస్ అవుతూనే ఉంది. ఎర్రర్ వచ్చిందా అని కాదు, మనం అనుకున్న కారణానికే వచ్చిందా అన్నది చూడని టెస్టుని నేను నమ్మలేను.

మెసేజ్ సరిచూసినా ఇది దొరికేదే. కానీ సర్వర్‌లో ఎల్‌సీ_మెసేజెస్ సెట్టింగ్ వేరేగా ఉంటే మెసేజ్ వేరే భాషలో వస్తుంది, కోడ్ మారదు. మెసేజ్‌లో ఒక మంచి ఉంది, కన్‌స్ట్రెయింట్ పేరు కనిపిస్తుంది. టేబుల్‌లో ప్రైమరీ కీ కాక ఇంకో యూనిక్ కూడా ఉంటే ఏది అడ్డుపడిందో 23505 ఒక్కటే చెప్పదు. పోస్ట్‌గ్రెస్ 9.3 నుంచి ఆ పేరు ఎర్రర్‌తో పాటు విడిగా అందుతోంది కాబట్టి కోడ్, పేరు రెండూ చూడండి.

మైఎస్‌క్యూఎల్ వాళ్లు ఎస్‌క్యూఎల్‌స్టేట్ మీద ఆధారపడకండి. డూప్లికేట్‌కీ, ఫారిన్ కీకీ, ఖాళీ విలువకీ అన్నిటికీ 23000 అనే వస్తుంది. 1062, 1452, 1048 అని దాని సొంత నంబర్లు చూడాలి.

పోస్ట్‌గ్రెస్‌లో టెస్టులు రాయడానికి పీజీట్యాప్ వాడేవాళ్లకి త్రోస్_ఓకే ఉంది, కోడ్ నేరుగా ఇచ్చేయొచ్చు.

మెసేజ్ తప్పనిసరి అనిపించే చోటు ఒకటుంది: ట్రిగ్గర్‌లో (రో వేసినప్పుడో మార్చినప్పుడో డేటాబేస్ తనంతట నడిపే ఫంక్షన్‌లో) మనమే రెయిజ్ ఎక్సెప్షన్ అని రాస్తే అన్నిటికీ పీ0001 అనే కోడే వస్తుంది, ఏ రూల్ తగిలిందో తెలీదు. అక్కడ కూడా నేను మెసేజ్‌కి వెళ్లను, యూజింగ్ ఎర్‌కోడ్ (USING ERRCODE) అని పెట్టి ఒక్కో రూల్‌కి ఒక్కో ఐదక్షరాల కోడ్ ఇస్తాను.