రాని ఈవెంట్‌కు కాపలా: ఫ్లింక్ సీఈపీ, ఏళ్ల వాడకం తర్వాత

పారే ఈవెంట్లలో ప్యాటర్న్‌లను వెతికే అపాచీ ఫ్లింక్ లైబ్రరీ ఫ్లింక్ సీఈపీ (కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్). దాన్ని ఎలా మొదలుపెట్టాలో చెప్పే రాతలకు కొదవ లేదు. అన్నీ దాదాపు ఒకే ఉదాహరణ చూపిస్తాయి: ఒకే కార్డు మీద ముందు చిన్న మొత్తం, వెంటనే పెద్ద మొత్తం. డెమోకు బాగుంటుంది. ఎక్కువకాలం నడిపితే మాత్రం దీని అసలు విలువ ఇంకోచోట తేలుతుంది: రావలసింది రాకపోతే ఆ మాట చెప్పగలగడంలో. ఆర్డర్ పడింది, 30 నిమిషాలైనా చెల్లింపు రాలేదు. వచ్చిన ఈవెంట్‌ను ఏ కన్స్యూమర్ కోడైనా పట్టుకుంటుంది. రానిదాన్ని పట్టుకోవాలంటే టైమర్లు, స్టేట్ (జాబ్ గుర్తుంచుకోవాల్సిన డేటా), రీస్టార్ట్ అయ్యాక వాటిని మళ్లీ నిలబెట్టడం, అన్నీ చేత్తో రాసుకోవాలి. ఇక్కడ ఆర్డర్ ఐడీతో కీ చేసి (ఆర్డర్‌వారీగా విడదీసి) బిగిన్ (ఇది వచ్చాక), నాట్‌ఫాలోడ్‌బై (అది రాకపోతే), వితిన్ (ఇంత గడువులో) అని మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది.

అయితే ఆ సుఖం 2022లో వచ్చిన ఫ్లింక్ 1.16 నుంచే. అంతకుముందు ప్యాటర్న్‌ను నాట్‌ఫాలోడ్‌బైతో ముగించనిచ్చేది కాదు. ఫాలోడ్‌బై, వితిన్ రాసి, గడువు దాటి సగంలో ఆగిన మ్యాచ్‌లను సైడ్ అవుట్‌పుట్‌లోంచి (పక్క పాయలోంచి) ఏరుకోవాలి. కావలసింది "రాలేదు" అన్న కబురు, రాసేదేమో "వచ్చింది" అన్న రూలు. పాత కోడ్ చదివేవాళ్లు ఇప్పటికీ అక్కడే బోల్తా పడతారు.

ఇక అసలు కోపం. ఈ రూలు పనిచెయ్యడం మానేస్తే, ఆ సంగతి ఎవరికీ తెలియదు. అలర్ట్ రాకపోతే అన్నీ సవ్యంగా ఉన్నాయనే కదా అనుకుంటాం.

ఈవెంట్లు వచ్చే కాఫ్కా టాపిక్‌లో 12 పార్టిషన్లు (విడివిడి పాయలు) ఉన్నాయనుకోండి. పదకొండింట్లో ఈవెంట్లు పారుతున్నాయి, ఒకటి మాత్రం ఎండిపోయింది. వాటర్‌మార్క్, అంటే ఈవెంట్ల సమయం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గుర్తు, అన్ని పార్టిషన్లలోకీ వెనకబడిన దానితోనే నడుస్తుంది కాబట్టి, ఎండిపోయిన ఆ ఒక్కటి మొత్తం జాబ్ గడియారాన్ని ఆపేస్తుంది. ఈవెంట్ టైమ్‌లో (ఈవెంట్ మీద ఉన్న సమయం ప్రకారం నడిపేటప్పుడు) సీఈపీ ఆపరేటర్ ప్రతి ఈవెంట్‌నూ వాటర్‌మార్క్ దాటేదాకా స్టేట్‌లో దాచిపెట్టి, వరస పేర్చాకే ప్యాటర్న్‌కు ఇస్తుంది. గడియారం ఆగిందంటే ఏ గడువూ తీరదు. జాబ్ పచ్చగా వెలుగుతూనే ఉంటుంది, కన్స్యూమర్ ల్యాగ్ (ఇంకా చదవని బాకీ) సున్నా, చెక్‌పాయింట్లు (స్టేట్‌కు తీసే నకళ్లు) విజయవంతం. పైకి కనిపించే గుర్తు ఒక్కటే, చెక్‌పాయింట్ సైజు మెల్లగా పెరుగుతూ పోవడం. తర్వాత ఎప్పుడో ఆ పార్టిషన్‌లో ఒక్క ఈవెంట్ పడుతుంది, గంటల తరబడి ఆగిన అలర్ట్‌లన్నీ గట్టు తెగినట్టు ఒక్కసారి వచ్చి పడతాయి. ఏదీ పోలేదు, కానీ ఆ వేళకు దేనికీ పనికిరాదు.

పార్టిషన్లు 12 ఉండి సోర్స్ ప్యారలలిజం (పక్కపక్కన చదివే సబ్‌టాస్కుల సంఖ్య) 16 పెట్టినా ఇదే తంతు. కొత్త కాఫ్కాసోర్స్‌లో పని లేని ఆ నాలుగు సబ్‌టాస్కులు వాటంతట అవి ఐడిల్ కింద లెక్కకు రావు. ప్యారలలిజం తగ్గించాలి, లేదా వాటర్‌మార్క్ స్ట్రాటజీకి విత్‌ఐడిల్‌నెస్ (ఇంతసేపు ఏమీ రాకపోతే ఆ పాయను లెక్కలోంచి తీసెయ్యమనే సెట్టింగ్) తగిలించాలి.

విత్‌ఐడిల్‌నెస్ 1.11లో వచ్చినప్పుడు సమస్య తీరిపోయిందనిపించింది. తీరలేదు, వేషం మార్చుకుంది. ఒక నిమిషం పెట్టారనుకోండి. పార్టిషన్ నిజంగా ఎండిపోతే మంచిదే. ఎండిపోకుండా, దానికి రాసే ప్రొడ్యూసర్ నెట్‌వర్క్ తెగి ఐదు నిమిషాలు ఆగితే? గడియారం దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. తిరిగొచ్చిన చెల్లింపులు లేట్ ఈవెంట్లవుతాయి, సైడ్‌అవుట్‌పుట్‌లేట్‌డేటా పెట్టకపోతే చప్పుడు లేకుండా పారేయబడతాయి. ఫలితం: చెల్లింపు వచ్చిన ఆర్డర్ మీద "రాలేదు" అని అలర్ట్. మౌనం పోయి అబద్ధం వచ్చింది. పైగా అన్ని పార్టిషన్లూ ఒకేసారి నిద్రపోతే ఈ సెట్టింగ్ వల్ల ఏ ప్రయోజనమూ లేదు, గడియారాన్ని నడిపించేవాళ్లే ఉండరు. రాత్రి చివరి ఆర్డర్ తాలూకు అలర్ట్ తెల్లారి మొదటి ఈవెంట్‌తో వస్తుంది.

నిలబడే మందు హార్ట్‌బీట్, అంటే గడియారాన్ని నడపడానికే పంపే ఖాళీ ఈవెంట్. ప్రతి 10 సెకన్లకు, ప్రతి పార్టిషన్‌కూ, పార్టిషన్ నంబర్ విడిగా ఇచ్చి పంపాలి. కీకి వదిలేస్తే హ్యాష్ అన్నింటినీ ఒకేచోట పోస్తుంది. అసలు ఈవెంట్లు పంపే ప్రొడ్యూసరే దాన్నీ పంపాలి. వేరే సర్వీస్ పంపితే అసలుది ఆగిపోయినా గడియారం నడుస్తుంది, మళ్లీ అవే తప్పుడు అలర్ట్‌లు. వాటర్‌మార్క్‌ను సోర్స్ దగ్గరే కట్టి, హార్ట్‌బీట్‌లను ఆ తర్వాతే ఫిల్టర్ చెయ్యాలి. మధ్యలో ఒక మ్యాప్ దాటాక కడితే పార్టిషన్‌వారీ లెక్క పోతుంది. బ్యాక్‌లాగ్ (పేరుకుపోయిన పాత ఈవెంట్లు) చదివేటప్పుడు నెమ్మదిగా వచ్చే పార్టిషన్లన్నీ లేట్ అయి కూర్చుంటాయి. ఇవన్నీ చేసినా, ఇప్పటి సమయానికీ కరెంట్‌ఇన్‌పుట్‌వాటర్‌మార్క్ మెట్రిక్‌కూ మధ్య తేడా మీద ఒక అలర్ట్, పారేసిన లేట్ ఈవెంట్లను లెక్కపెట్టే నమ్‌లేట్‌రికార్డ్స్‌డ్రాప్డ్ మీద ఇంకో అలర్ట్ తప్పవు. కాపలావాడికి కాపలా అన్నమాట.

ఇంత తతంగమెందుకు, ప్రాసెసింగ్ టైమ్ (ఈవెంట్ సమయం కాక యంత్రం గడియారం) వాడేస్తే పోలేదా? జాబ్ రెండు గంటలు ఆగి లేచిందనుకోండి. ఆగిన ఆ రెండు గంటలూ గడువులో కలిసిపోతాయి, చెల్లింపు బ్యాక్‌లాగ్‌లో ఉన్నా గడువు దాటినట్టే లెక్క.

ఈ టెక్నాలజీ ముదిరిందా అంటే, సగం. 2000ల్లో ట్రేడింగ్ గదుల్లో సీఈపీకి పట్టిన మోజు చల్లారింది; అప్పటి సీఈపీ ఉత్పత్తులు స్ట్రీమ్‌బేస్, అపామా రెండూ 2013లో పెద్ద కంపెనీల చేతికి వెళ్లిపోయాయి. ఎస్‌క్యూఎల్‌లోనే ప్యాటర్న్ వెతికే మ్యాచ్_రికగ్నైజ్ ఎస్‌క్యూఎల్:2016 ప్రమాణంలో చేరింది. అది వరసలకు చక్కటి సాధనమే, కానీ వచ్చిన రికార్డులను పోల్చడానికి పుట్టింది. రాని రికార్డును దాని కంటికి చూపించడం కష్టం. ఎస్పర్ అనే ఇంకో సీఈపీ ఇంజిన్‌లో టైమర్:ఇంటర్వెల్, యాండ్ నాట్ కలిపి అదే రూలు ఒక్క లైన్‌లో వస్తుంది, నడుస్తుండగానే రూలు మార్చుకోవచ్చు కూడా. కానీ 'ప్రతిసారీ' అని చెప్పే ఎవ్రీ ఎక్కడ పెట్టారన్న దాని మీద అర్థమే మారిపోతుంది: గడువు లేకుండా ఎవ్రీ ఏ తర్వాత బాణం గీసి బీ అని రాస్తే, జంట దొరకని ప్రతి ఏ మెమరీలో అలా పడి ఉంటుంది.

రూళ్లు ఒకటో రెండో అయితే కీడ్‌ప్రాసెస్‌ఫంక్షన్‌లో (ఫ్లింక్‌లో లాజిక్ నేరుగా కోడ్‌గా రాసుకునే చోట) టైమర్ రాసుకోవడమే మేలు, డీబగ్ చెయ్యడం తేలిక, వాటర్‌మార్క్ తిప్పలు అక్కడా ఎలాగూ ఉంటాయి. రూళ్లు పెరిగి, ప్రొడ్యూసర్ కోడ్ మీ చేతిలోనే ఉండి, అలర్ట్ అర నిమిషం ఆలస్యమైనా ఫర్వాలేదంటే ఫ్లింక్ సీఈపీ ధైర్యంగా వాడొచ్చు. ప్రొడ్యూసర్ వేరే టీమ్‌దై, వాళ్లు హార్ట్‌బీట్ పంపబోమని అంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. రూళ్లు తరచూ మార్చేవాళ్లకు ఇంకో సంగతి: 30 నిమిషాలను 45 చెయ్యాలన్నా జాబ్‌ను సేవ్‌పాయింట్‌తో (స్టేట్ నకలు దాచుకుని) ఆపి మళ్లీ ఎక్కించాల్సిందే.