"రెండు సర్వర్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే" అన్నారు, నమ్మాను

ఇంకా కోపం తగ్గలేదు, అందుకే తప్పులుంటే సర్దుకోండి. ఆ మేనేజ్డ్ డేటాబేస్ ప్లాన్ (సర్వర్ల నిర్వహణంతా కంపెనీయే చూసుకునేది) తీసుకుందామనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. పేరు రాయను. ప్రైమరీ (అసలు సర్వర్), రెప్లికా (దాని నకలు) జంటగా అమ్ముతూ "అచ్చుగుద్దినట్టు ఒకేలా" అని మొదటి పేజీలోనే గొప్పలు పోయేది ఎవరో మీకు తెలిసిందే.

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13. మొన్న రాత్రి ప్రైమరీలో డేటా డిస్క్ పోయింది, రెప్లికా మీదికి మారాం, పది నిమిషాల్లో అంతా లేచింది, భలే అనుకున్నాను. తెల్లారేసరికి లాగిన్ కావట్లేదని మెయిళ్లు. కస్టమర్ కోడ్ కొట్టి వెతికితే సున్నా రోలు, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరుసలో పేర్చిన జాబితా) వాడనివ్వకుండా టేబుల్ మొత్తం చదివిస్తే ఆ రో నిక్షేపంలా అక్కడే ఉంది! యూనిక్ అని పెట్టిన కాలమ్‌లో కొన్ని కోడ్‌లు రెండేసి సార్లు ఎక్కేశాయి కూడా.

సపోర్ట్‌ని అడిగితే "మా వైపు అంతా గ్రీన్‌లోనే ఉందండీ, మీ అప్లికేషన్ కోడ్ ఒకసారి చెక్ చేసుకోండి" అన్నారు. నేనూ బుద్ధిగా ఆరు గంటలు నా కోడ్ నేనే తవ్వుకున్నాను.

చివరికి విసుగొచ్చి 1-1, 11 అని రెండు లైన్లు రాసి, డేటాబేస్ వాడే ఇంగ్లిష్ లొకేల్‌తోనే (అక్షరాల్ని ఏ వరుసలో పెట్టాలో చెప్పే భాష సెట్టింగ్) రెండు మెషీన్లలో సార్ట్ కొట్టాను. పాత ప్రైమరీలో 11 ముందొచ్చింది, రెప్లికాలో 1-1 ముందొచ్చింది. అంతే, దొరికిపోయారు. ప్రైమరీలో ఓఎస్ సెంట్‌ఓఎస్ 7, అందులో జీలిబ్‌సీ (లొకేల్ వరుసని చూసే లినక్స్ లైబ్రరీ) 2.17. రెప్లికాలో 2.28. 2018లో వచ్చిన ఆ 2.28లోనే అక్షరాల వరుస క్రమం మారింది. రెప్లికేషన్ ఇండెక్స్‌ని బైట్ బైట్‌గా కాపీ చేస్తుంది గానీ మళ్లీ సార్ట్ చేయదు కదా, పాత వరుసలో కట్టిన ఇండెక్స్‌ని కొత్త వరుసలో వెతికితే ఏం దొరుకుతుంది, నా తలకాయ? మా కస్టమర్ కోడ్‌లన్నిటిలో హైఫన్లే మరి. పనిలో పనిగా మిగతావీ చూశాను: స్వాపినెస్ (మెమరీలోది డిస్క్ మీదికి ఎంత తొందరగా నెట్టాలో చెప్పే సెట్టింగ్) ప్రైమరీలో 1, రెప్లికాలో 60. ఓపెన్ ఫైళ్ల పరిమితి అక్కడ 65,536, ఇక్కడ 1024. కవలలట, కవలలు!

ఈ స్క్రీన్‌షాట్లన్నీ పంపితే వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఒకేలా అంటే హార్డ్‌వేర్ గురించి అన్నాం సార్. ఓఎస్ వెర్షన్ గురించి ఎక్కడా హామీ ఇవ్వలేదు." మేనేజ్డ్ అంటే ఓఎస్ మీరే చూస్తారని కదా డబ్బు కట్టింది, నాకు రూట్ యాక్సెస్ (ఓఎస్ మీద పూర్తి అధికారం) కూడా ఇవ్వలేదుగా అని అడిగాను. నాలుగు నిమిషాలు "టైపింగ్" అని చూపించింది. తర్వాత టికెట్ క్లోజ్. వెంటనే ఇంకో మెయిల్, మా సేవ ఎలా ఉంది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని. తిట్లకి స్టార్లు ఉండవు కాబట్టి ఒకటి ఇచ్చాను. రీఫండ్ సంగతి ఎత్తితే చప్పుడు లేదు.

తప్పు నాది కూడా. రెండేళ్లుగా రెప్లికా ఉందని నిశ్చింతగా పడుకున్నాను, ఒక్కసారైనా ఆ సార్ట్ కమాండ్ కొట్టి చూడలేదు, అర నిమిషం పని. 15 వెర్షన్‌కి మారుంటే లొకేల్ వెర్షన్ తేడాగా ఉందని పోస్ట్‌గ్రెస్సే వార్నింగ్ ఇచ్చేది, దాన్నీ వాయిదా వేస్తూ వచ్చాను.

మీకెవరికైనా ఇలాంటి జంట ఉంటే ఈరోజే రెండింటిలో జీలిబ్‌సీ వెర్షన్ చూసుకోండి, సిస్‌సీటీఎల్ (ఓఎస్ సెట్టింగులు చూపే కమాండ్) అవుట్‌పుట్ రెండూ తీసి పక్కపక్కన డిఫ్ కొట్టి తేడాలు చూడండి, "ఒకేలా" అన్న మాటలో ఓఎస్ కూడా ఉందని రాతలో తీసుకోండి. ఇప్పటికే అలాంటి రెప్లికా మీదికి మారిపోయి ఉంటే రీఇండెక్స్ (ఇండెక్స్‌ని మళ్లీ కట్టడం) తప్పదు, కానీ డూప్లికేట్లు ఉంటే యూనిక్ ఇండెక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ముందు వాటిని చేత్తో ఏరాలి. నాకింకా నాలుగు టేబుళ్లు మిగిలున్నాయి, వెళ్తున్నా.